ప్యానిక్ అటాక్: అపోహలు - వాస్తవాలు

అపోహ: గ్యాస్ మాత్ర వేసుకున్నాక దడ తగ్గింది, కాబట్టి అది గ్యాసే.

వాస్తవం: ప్యానిక్ అటాక్ అంటే ఉన్నట్టుండి ముంచుకొచ్చే తీవ్ర భయం, దాంతోపాటు దడ, ఊపిరాడనట్టు అనిపించడం. అది సాధారణంగా 10 నిమిషాల్లో తారస్థాయికి చేరి, అరగంటలోపు దానంతటదే దిగిపోతుంది. ఆ సమయంలో మాత్ర వేసుకున్నా, దిష్టి తీసినా, పేరు దానికే పోతుంది. అయితే మొదటిసారి వచ్చిన ఛాతీ నొప్పిని మాత్రం ఇంట్లోనే తేల్చుకోవద్దు. ఛాతీలో బరువు, దవడకో చేతికో పాకే నొప్పి, చెమటలు ఉంటే 108కి ఫోన్ చేయండి. ఈసీజీతో పాటు థైరాయిడ్, హిమోగ్లోబిన్ కూడా చూపించుకోవాలి. డాక్టరు గుండె బాగుందని చెప్పాక కూడా దడ వచ్చినప్పుడల్లా ఈసీజీకి పరుగెత్తితే భయం బలపడుతుంది.

అపోహ: ఊపిరాడనప్పుడు గట్టిగా పీల్చాలి.

వాస్తవం: అప్పటికే అవసరానికి మించి పీలుస్తుంటారు. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. పెదాల చుట్టూ తిమ్మిర్లు, తల దిమ్ము, వేళ్లు కొంకర్లు పోవడం అందుకే. పక్కనున్నవాళ్లు ‘గట్టిగా పీల్చు’ అని తొందరపెడితే ఇంకా ముదురుతుంది. ముక్కుతో 4 లెక్కపెడుతూ మామూలుగా పీల్చి, 6 లెక్కపెడుతూ వదలాలి. పొట్ట లేవాలి, భుజాలు లేవకూడదు. బాగున్నప్పుడే రోజూ రెండుపూటలా 5 నిమిషాలు సాధన చేయండి. అటాక్ మధ్యలో కొత్తగా నేర్చుకోవడం కుదరదు. కాగితం సంచిలో ఊపిరి తీయడం వద్దు. అసలు సమస్య ఆస్తమా అయినా, గుండెదైనా అది ప్రమాదం.

అపోహ: కళ్లు తిరిగి పడిపోతాం.

వాస్తవం: బీపీ పడిపోతే స్పృహ తప్పుతుంది. ప్యానిక్‌లో బీపీ సాధారణంగా పెరుగుతుంది. రక్తం, సూది చూస్తే పడిపోయేవారి సంగతి వేరు.

అపోహ: అటాక్ వచ్చిన చోటికి వెళ్లకపోతే చాలు.

వాస్తవం: జబ్బు వేళ్లూనుకునేది ఇక్కడే. బస్సులో వచ్చిందని బస్సు మానేస్తారు, తర్వాత సంత, పెళ్లిళ్లు, చివరికి ఇంట్లో ఒంటరిగా ఉండటం కూడా. తిరిగి మెట్లమెట్లుగా వెళ్లాలి: ముందు స్టాపులో నిలబడటం, తర్వాత తోడుతో ఒక స్టేజీ, ఆపైన ఒంటరిగా, చివరికి రద్దీ వేళ. ఒక్కో మెట్టు వారంలో నాలుగైదుసార్లు చేయండి. భయం ఉచ్ఛస్థితిలో ఉన్నప్పుడు దిగిపోతే, దిగినందుకే బతికామని మెదడు నేర్చుకుంటుంది. అది సగానికి తగ్గేదాకా కూర్చోవాలి. చాలామంది ఇక్కడే తడబడతారు. జేబులో మాత్ర, ఫోన్‌లో భార్యో భర్తో లేనిదే కదలకపోవడం కూడా తప్పించుకోవడమే. వాటినీ ఒక్కొక్కటిగా వదిలించుకోవాలి.

అపోహ: మందులన్నీ అలవాటైపోతాయి.

వాస్తవం: ప్యానిక్‌కు డాక్టర్లు రోజూ వాడమనే ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ వంటి మందులు వ్యసనం కావు. పనిచేయడానికి 2 నుంచి 6 వారాలు పడుతుంది. మొదటి వారం దడ కాస్త పెరగవచ్చు, అందుకే తక్కువ మోతాదుతో మొదలుపెడతాం. ఆ వారంలో మానేసేవారే ఎక్కువ. కాస్త ఓపిక పట్టండి, మానాలనిపిస్తే ముందు డాక్టరుకు ఫోన్ చేయండి. అలవాటయ్యేది ఆల్ప్రజోలామ్ అనే మత్తు కలిగించే మాత్ర. దాన్ని సొంతంగా కొని వాడొద్దు. నెలల తరబడి వాడుతుంటే ఒక్కసారిగా ఆపొద్దు, డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి.

ఎవరిని కలవాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. 24 గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.