ఊపిరితిత్తుల గడప దాటని మందు

కడుపులో ఉన్నంతకాలం బిడ్డకు ఊపిరితిత్తులతో పని లేదు. ఆక్సిజన్ బొడ్డుతాడు గుండా అందుతుంది కాబట్టి ఊపిరితిత్తుల్లో రక్తనాళాలు బిగుసుకునే ఉంటాయి. పుట్టి తొలి ఊపిరి తీసుకోగానే అవి తెరుచుకోవాలి. కొందరు పిల్లల్లో సరిగా తెరుచుకోవు. రక్తం గర్భంలో అలవాటైన పాత దారుల్లోనే మళ్లిపోతుంది. వెంటిలేటర్ పెట్టి నూరు శాతం ఆక్సిజన్ ఇచ్చినా ఒళ్లు నీలంగానే ఉంటుంది.

నాళాలను వదులు చేసే మందులు లేక కాదు. రక్తంలోకి ఎక్కిస్తే ఒంట్లోని నాళాలన్నీ వదులై బీపీ పడిపోతుంది. ఆ చిక్కు విప్పింది నైట్రిక్ ఆక్సైడ్. నవ్వించే గ్యాస్ ఇది కాదు, అది నైట్రస్ ఆక్సైడ్. ఇది వాహనాల పొగలో ఉండేది! మన రక్తనాళాల లోపలి పొర కూడా దీన్నే తయారుచేసుకుంటుందని 1987లో తేలింది. ఈ వరస పరిశోధనలకే ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ దక్కింది.

గాలిలో కలిపి పీల్పిస్తే, గాలి చేరిన చోటే నాళాలు తెరుచుకుంటాయి. రక్తంలోకి దిగగానే హిమోగ్లోబిన్ దాన్ని పట్టేసి క్షణాల్లో పని ముగిస్తుంది. మిగతా ఒంటికి మందు సంగతే తెలియదు. మామూలు మోతాదు పది లక్షల పాళ్ల గాలికి 20 పాళ్లు. 1997లో వెలువడిన అమెరికా, కెనడాల అధ్యయనంలో, చనిపోయిన లేదా ఎక్మో యంత్రం (రక్తాన్ని ఒంటి బయటికి తీసి ఆక్సిజన్ కలిపి తిరిగి పంపేది) అవసరపడిన శిశువులు 64 శాతం నుంచి 46 శాతానికి తగ్గారు. తగ్గింది ప్రధానంగా ఎక్మో అవసరమే, మరణాలు కాదు. అయినా అంత చిన్న ప్రాణానికి ఆ యంత్రం తప్పడం తక్కువేమీ కాదు. 1999లో అమెరికాలో అనుమతి వచ్చింది.

ఇవ్వడం కంటే ఆపడమే జాగ్రత్త పని. ఉన్నట్టుండి ఆపేస్తే నాళాలు మళ్లీ గట్టిగా బిగుసుకోవచ్చు. అందుకే మోతాదును మెట్టుమెట్టుగా దించుతారు. రక్తంలో మెథిమోగ్లోబిన్ (ఆక్సిజన్ మోయలేని హిమోగ్లోబిన్), గొట్టాల్లో నైట్రోజన్ డయాక్సైడ్ అనే విషవాయువు పెరగకుండా కాపలా కాస్తారు.

ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిన్న పెద్దవాళ్లలో కథ వేరు. మొదట్లో మానిటర్ మీద ఆక్సిజన్ అంకె పెరుగుతుంది, చూసేవాళ్లకు ఆశ పుడుతుంది. కానీ మరణాలు తగ్గినట్టు పరీక్షల్లో తేలలేదు. పైగా కిడ్నీలు దెబ్బతినే ముప్పు కనిపించింది.

ఇన్ఫెక్షన్‌కు శరీరం అదుపు తప్పి స్పందించే సెప్సిస్‌లో మరీ తిరకాసు. అక్కడ శరీరమే నైట్రిక్ ఆక్సైడ్‌ను అతిగా తయారుచేసి బీపీని పడగొడుతుంది. ఆ తయారీని అడ్డుకునే మందు ఇచ్చి చూశారు. బీపీ పెరిగింది. మందు ఇచ్చినవాళ్లలోనే మరణాలు ఎక్కువ కావడంతో ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేశారు.