జేబులో ఇమిడే మల్టీ బిట్ స్క్రూడ్రైవర్: అపోహలు - వాస్తవాలు

పర్లాకిమిడిలోనూ, మహేంద్రతనయ నది దాటగానే వచ్చే పాతపట్నంలోనూ ఇళ్లకు వెళ్లి మిక్సీలు, ఇన్వర్టర్లు, స్విచ్‌బోర్డులు బాగుచేయడం నా వృత్తి. గుణుపురం రైలు మార్గం వెంట ఉన్న ఊళ్ల నుంచి కూడా పిలుపులు వస్తుంటాయి. ఇటు ఒడిశా వైపైనా, అటు ఆంధ్ర వైపైనా, పని చూస్తూ పక్కన నిలబడినవారు తరచూ అడిగే మాట ఒకటుంది: "జేబులో పెట్టుకోవడానికి ఒక మంచి స్క్రూడ్రైవర్ చెప్పండి, బిట్లు, అంటే ఊడదీసి మార్చుకునే మొనలు ఉండే రకం." చెప్పేలోపే వారి మనసులో కొన్ని నమ్మకాలు పాతుకుపోయి ఉంటాయి. వాటి వల్ల డబ్బు పోతే పరవాలేదు. స్క్రూ తలలు అరిగిపోవడం, చేతికి షాక్ తగలడం మాత్రం నేను తేలిగ్గా తీసుకోలేను.

అపోహ: బిట్లు ఎన్ని ఎక్కువుంటే అంత మంచిది

పెట్టె మీద ముద్రించిన సంఖ్య చూసి కొనేవారే ఎక్కువ. ఆ పెట్టె తెరిస్తే సగం బిట్లు మన ఇళ్లలో కనబడని స్క్రూల కోసం చేసినవి. ముందు చూడాల్సింది బిట్ కాడ మందం. ఫోన్లు, కళ్లద్దాలు, గడియారాల కోసం చేసే సెట్లలో బిట్లు సాధారణంగా 4 మిల్లీమీటర్ల కాడతో వస్తాయి. ఇంటి పనులకు వాడే బిట్ల కాడ 6.35 మిల్లీమీటర్లు, అంటే పావు అంగుళం. సన్నకాడ బిట్‌తో తలుపు బందు స్క్రూ బిగించబోతే బిట్ మెలిపడుతుంది, లేదా విరుగుతుంది. నాణ్యమైన 4 మిల్లీమీటర్ల సెట్టు కూడా ఆ పనికి పుట్టింది కాదు.

కొనే ముందు ఇల్లంతా ఒకసారి తిరిగి స్క్రూ తలలు చూడండి. స్విచ్‌బోర్డు ప్లేటు, ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే మెయిన్ బోర్డు స్విచ్), త్రీపిన్ ప్లగ్, మిక్సీ అడుగు, తలుపు బందులు, అల్మారా, ల్యాప్‌టాప్, బండి. నా అనుభవంలో పీహెచ్1, పీహెచ్2, పీజడ్2 (ఇవి ప్లస్ రకాలు, తేడా కింద చెబుతాను), 3.5, 5.5 మిల్లీమీటర్ల మైనస్ బిట్లు, వాటితో పాటు నక్షత్రం ఆకారపు టీ10, టీ15 ఉంటే రోజువారీ అవసరాలు చాలావరకు తీరిపోతాయి. ల్యాప్‌టాప్ విప్పే అలవాటుంటే పీహెచ్0 కూడా చేర్చుకోండి. జేబులో మోయడానికి అంతకు మించి అక్కర్లేదు.

అపోహ: ప్లస్ గాడి ఏదైనా ఒకటే

నేను చూసే పాడైన స్క్రూలలో ఎక్కువ వాటికి మూలం ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ప్లస్ ఆకారంలో ప్రధానంగా రెండు రకాలు మనకు ఎదురవుతాయి. మొదటిది ఫిలిప్స్, అంటే పీహెచ్. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌కు చెందిన హెన్రీ ఫిలిప్స్ 1936లో దానికి పేటెంట్లు పొందారు, కాడిలాక్ కార్ల తయారీలో మొదట వాడారు. దాని గాడి లోపలికి వెళ్లేకొద్దీ సన్నబడుతుంది. పక్కగోడలు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి గట్టిగా తిప్పితే బిట్ పైకి జారుతుంది. అందుకే దానిని తిప్పేటప్పుడు అదిమి పట్టాలి. రెండోది పోజీడ్రైవ్, అంటే పీజడ్. దాని గోడలు దాదాపు నిటారుగా ఉంటాయి, కాబట్టి అంతగా జారదు. పోల్చుకోవడం తేలిక: పీజడ్ స్క్రూ తలపై ప్లస్ గాడుల మధ్య నాలుగు సన్నని గీతలు ఉంటాయి.

పీజడ్ ఎక్కడుంటుంది? ఎంసీబీల టెర్మినళ్లలో చాలావాటికి పీజడ్2, మైనస్ కలిసిన గాడి ఉంటుంది. పార్టికల్ బోర్డుతో చేసిన అల్మారాల్లోనూ కనబడుతుంది. పీజడ్ స్క్రూలో పీహెచ్2 పెడితే కూర్చున్నట్లే అనిపిస్తుంది, కానీ అంచుల దగ్గరే ఆనుతుంది, తిప్పగానే గాడి గుండ్రంగా అయిపోతుంది. టెర్మినల్ స్క్రూ అలా అరిగితే వైరు వదులవుతుంది. వదులైన చోట వేడి పుడుతుంది, ఇన్సులేషన్ కాలుతుంది. ఎంసీబీ దగ్గర నల్లబడిన వైరు చూసినప్పుడల్లా నేను మొదట చూసేది ఆ స్క్రూ తలనే.

జపాన్ ప్రమాణంతో చేసిన ప్లస్ స్క్రూలు మరో సంగతి. వాటి తలపై తరచూ ఒక చిన్న చుక్క ఉంటుంది. జపాన్ కంపెనీల పాత బండ్లలో ఇవి కనబడతాయి. ఫిలిప్స్ బిట్ వాటిలో పూర్తిగా అడుగు వరకు దిగదు. బండి పని మీరే చేసుకుంటుంటే ఆ ప్రమాణం బిట్ ఒకటి వేరుగా కొనుక్కోండి.

అపోహ: పొడవాటి స్క్రూడ్రైవర్‌కు బలం ఎక్కువ

కాదు. తిప్పే బలం హ్యాండిల్ లావును బట్టి వస్తుంది, కాడ పొడవును బట్టి కాదు. 12 మిల్లీమీటర్ల పెన్ను లాంటి హ్యాండిల్, 30 మిల్లీమీటర్ల హ్యాండిల్ ఒకే పట్టుతో తిప్పితే రెండోది రెండున్నర రెట్లు బలంగా తిప్పుతుంది. పొడవు వల్ల లాభం వేరు: లోతుగా ఉన్న స్క్రూను అందుకోవచ్చు, బిట్ వంకరగా పడకుండా చూసుకోవచ్చు.

పొట్టి మల్టీ బిట్ రకానికి ఉన్న అసలు లోపం ఇక్కడే బయటపడుతుంది. చాలా మిక్సీల అడుగున స్క్రూలు లోతైన సన్నని రంధ్రాల్లో ఉంటాయి. బిట్ పట్టే హోల్డర్ దానికన్నా లావుగా ఉంటుంది కాబట్టి ఆ రంధ్రంలోకి దూరదు. పొడవాటి బిట్లు ఉన్న రకం, లేదా రెండు వైపులా మొన ఉన్న కాడను తిప్పి పెట్టుకునే రకం తీసుకుంటే ఈ బాధ ఉండదు.

అపోహ: హ్యాండిల్ ప్లాస్టిక్ కదా, షాక్ కొట్టదు

దయచేసి ఈ నమ్మకం వదిలేయండి. బిట్లు మార్చుకునే స్క్రూడ్రైవర్లలో చాలావాటికి బిట్ పట్టే హోల్డర్, దాని చుట్టూ ఉండే కాలరు, కొన్నిటికి హ్యాండిల్ చివరి మూత కూడా లోహమే. వేలు ఎక్కడ జారినా 230 వోల్టులు తాకుతాయి. కరెంటు పనికి తగినవాటిపై 1000 వోల్టుల గుర్తు, దాని పక్కన రెండు త్రిభుజాల గుర్తు ఉంటాయి. అది కరెంటు పని పనిముట్లకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం, ఐఈసీ 60900. అలాంటి వాటిలో మొన మాత్రం వదిలి కాడ అంతటికీ ఇన్సులేషన్ ఉంటుంది. జేబు స్క్రూడ్రైవర్ కరెంటు ఆపిన తర్వాత వాడే పనిముట్టు, అంతే.

మెయిన్ ఆపితే చాలని అనుకోవద్దు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను మా గజపతి జిల్లాను కుదిపేశాక, ఇన్వర్టర్ విలువ ఇక్కడ ఎవరికీ కొత్తగా చెప్పాల్సిన పని లేదు. కానీ మెయిన్ ఆపినా ఇన్వర్టర్ లైనులో కరెంటు ఉంటుంది. దాన్ని కూడా ఆపాలి. టెస్టర్ వెలగనంత మాత్రాన నిశ్చింతగా ఉండకండి. పొడి చెక్క మీద నిలబడినా, పట్టపగటి వెలుతురులోనైనా ఆ చిన్న నియాన్ కాంతి కనబడకపోవచ్చు. ముందు కరెంటున్న చోట టెస్టర్ పనిచేస్తోందో లేదో చూసి, తర్వాత పనిచేయాల్సిన చోట పెట్టి చూడండి. ఆ చిన్న టెస్టర్‌తో బిగుసుకున్న స్క్రూలు తిప్పడం కూడా మానేయండి, లోపలి భాగాలు పగిలే ప్రమాదం ఉంది.

అపోహ: అయస్కాంతం ఉన్న బిట్ ఫోన్‌ను పాడుచేస్తుంది

ఫోన్ల జ్ఞాపకం ఫ్లాష్ చిప్పులో ఉంటుంది, ఇంత చిన్న అయస్కాంతం దాన్ని ఏమీ చేయదు. ఏటీఎం కార్డు వెనుక నల్లని పట్టీకి, మెకానికల్ గడియారానికి మాత్రం దూరంగా ఉంచండి. నా దృష్టిలో అసలు ఇబ్బంది వేరే ఉంది. ఇనుప రజను మొనకు అంటుకుని సర్క్యూట్ బోర్డు మీద పడుతుంది. ప్రతిసారీ గుడ్డతో తుడిచి వాడాలి. ఇత్తడి స్క్రూలను ఏ అయస్కాంతమూ పట్టదు, స్విచ్ టెర్మినళ్లలో చాలావరకు అవే ఉంటాయి కాబట్టి అక్కడ చేతి నేర్పు తప్ప దారి లేదు.

అపోహ: ఎస్2 అని ముద్ర ఉంటే నాణ్యమైన ఉక్కే

ఎస్2 నిజంగానే మంచి ఉక్కు, దెబ్బలకు తట్టుకుంటుంది. కానీ ముద్ర వేయడం ఎవరి చేతుల్లోనైనా ఉంది. సరిగా గట్టిపరచని బిట్ అంచులు అరుగుతాయి, మరీ గట్టిపడింది విరుగుతుంది. మన దేశంలోనే టపారియా లాంటి పాత కంపెనీలు చేతి పనిముట్లు తయారుచేస్తున్నాయి. పేరు తెలియని పెద్ద సెట్టుకన్నా అలాంటి చోట తయారైన నాలుగు బిట్లు మేలు.

రాచెట్ గురించి, అంటే పట్టు వదలకుండా చేతిని ముందుకూ వెనక్కూ ఆడిస్తే ఒక వైపుకే తిప్పే ఏర్పాటు గురించి కూడా అడుగుతారు. పొడవాటి స్క్రూలు చాలా తిప్పాల్సి వస్తే సౌకర్యమే, కానీ అది హ్యాండిల్‌కు బరువు పెంచుతుంది, చవక రకాల్లో పళ్లు త్వరగా అరుగుతాయి. జేబు రకానికి నేను దాన్ని సూచించను. విశాఖలో విమానం ఎక్కేవారు స్క్రూడ్రైవర్‌ను చేతి సంచిలో కాకుండా చెక్-ఇన్ సామానులో పెట్టుకోవాలి.

దుకాణానికి వెళ్లేటప్పుడు ఇంట్లో విప్పిన ఒక ప్లస్ స్క్రూ వెంట తీసుకెళ్లండి. బిట్‌ను హోల్డర్‌లో పెట్టి మొన పట్టుకుని పక్కకు ఊపి చూడండి, అటూ ఇటూ ఊగితే వదిలేయండి. తర్వాత ఆ స్క్రూను మొనకు తగిలించి చూడండి, గాడిలో అడుగు వరకు దిగాలి. హ్యాండిల్‌లో బిట్లు దాచే మూతను తలకిందులు చేసి గట్టిగా కుదపండి. బిట్లు జారి పడితే ఆ రకం జేబుకు పనికిరాదు.