కెమెరా ప్రింట్ పోయి ఓటీటీ ప్రింట్ వచ్చిన ఏడాది: ఐబొమ్మ వివాదం వెనుక కథ

ఐబొమ్మ, బప్పం పేర్లతో నడిచిన పైరసీ సైట్ల నిర్వాహకుడని చెబుతూ ఒక వ్యక్తిని కూకట్‌పల్లిలో అరెస్టు చేసిన హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు, 2025 నవంబరు 17న ఆ వివరాలను బయటపెట్టారు. కమిషనర్ వి.సి. సజ్జనార్‌తో పాటు చిరంజీవి, నాగార్జున, రాజమౌళి, దిల్ రాజు, సురేశ్‌బాబు ఆ సమావేశంలో పాల్గొన్నారు. నిందితుడి దగ్గర ఉన్న హార్డ్ డిస్కుల్లో 21 వేలకు పైగా సినిమాలు దొరికాయని, ఈ దందాలో అతను సుమారు 20 కోట్ల రూపాయలు సంపాదించాడని, అందులో 3 కోట్లు స్వాధీనం చేసుకున్నామని పోలీసులు చెప్పారు. పరిశ్రమ పెద్దలు పోలీసులకు కృతజ్ఞతలు చెబుతుండగానే, సామాజిక మాధ్యమాల్లో అదే వ్యక్తిని మధ్యతరగతి పాలిటి ఆపద్బాంధవుడిగా కీర్తించే పోస్టులు వేలకొద్దీ వచ్చాయి. దొంగతనం కేసులో దొంగ వైపు ఇంతమంది నిలబడటం తెలుగునాట అరుదు.

వీడియో క్యాసెట్లు, ఫుట్‌పాత్ మీది సీడీల కాలం సంగతి అందరికీ తెలిసిందే కనుక అక్కడినుంచి మొదలుపెట్టనవసరం లేదు. నేటి వివాదానికి బీజం పడిన సంవత్సరం 2019. ఆ ఏడాది జరిగిన రెండు పరిణామాల్లో ఒకటి న్యాయస్థానంలో, మరొకటి కంప్యూటర్ల లోకంలో జరిగాయి. పరిశ్రమ మొదటిదాన్ని పండుగ చేసుకుంది గానీ రెండోదాన్ని అంతగా పట్టించుకోలేదు.

న్యాయస్థానం సంగతి అర్థం కావాలంటే కొద్దిగా వెనక్కి పోవాలి. 2012లో ‘3’ సినిమా నిర్మాతలు మద్రాసు హైకోర్టు నుంచి, పైరసీ చేసేది ఎవరో ముందుగా తెలియకపోయినా వర్తించేలా, పేరు ఊరు లేని ప్రతివాదులపై ఉత్తర్వు తెచ్చుకున్నారు. దాన్ని చేతిలో పెట్టుకుని ఇంటర్నెట్ కంపెనీలు విమియో వంటి చట్టబద్ధమైన సైట్లను కూడా మూసేశాయి. గగ్గోలు పుట్టడంతో ఆ జూన్‌లోనే కోర్టు, మొత్తం సైటును కాదు, ఫలానా లింకును మాత్రమే ఆపాలని స్పష్టం చేసింది. ముంబయిలో 2016లో జస్టిస్ గౌతమ్ పటేల్ కూడా ఆధారాలు చూపకుండా సైట్లకు సైట్లనే మూయించడానికి ఒప్పుకోలేదు. ఈ జాగ్రత్తకు అర్థముంది. అయితే ఒక్కొక్క లింకునే పట్టుకుని తిరిగే నిర్మాతకు ఆ పని ఎప్పటికీ తెమలలేదు.

2019 ఏప్రిల్ 10న ఢిల్లీ హైకోర్టులో జస్టిస్ మన్మోహన్ ఇచ్చిన తీర్పు ఈ చిక్కును విప్పింది. ఒక సైటు పనల్లా దొంగ సినిమాలు పెట్టడమే అయితే దాన్ని పూర్తిగా మూయించవచ్చని, అదే సైటు రేపు మరో పేరుతో వస్తే కొత్త దావా వేయకుండా జాయింట్ రిజిస్ట్రార్ ముందు అఫిడవిట్ పెట్టి ఆ పేరును కూడా జాబితాలో కలిపించుకోవచ్చని ఆ తీర్పు సారాంశం. తల నరికిన కొద్దీ కొత్త తలలు మొలిచే గ్రీకు పురాణాల హైడ్రాతో న్యాయమూర్తి ఈ సైట్లను పోల్చారు. మన పురాణాల్లో దీనికి రక్తబీజుడే సరైన పోలిక. 2023 ఆగస్టులో అదే కోర్టు మరో అడుగు ముందుకేసి, ఇంకా తీయని సినిమాలకు కూడా ఈ రక్షణ వర్తిస్తుందని చెప్పింది.

సరిగ్గా ఆ 2019 ఆరంభంలోనే, ఓటీటీ సంస్థలు తమ సినిమాలకు తాళంలా వాడే గూగుల్ వైడ్‌వైన్‌లో అన్నింటికన్నా కింది స్థాయి అయిన ఎల్3ని ఛేదించినట్టు ఒక పరిశోధకుడు ప్రకటించారు. ఆ వార్త సినిమా పేజీల్లోకి వచ్చేది కాదు. మరుసటి ఏడాది లాక్‌డౌన్ వచ్చి, థియేటర్లు మూతపడి, 2020 సెప్టెంబరు 5న నాని ‘వి’ నేరుగా ప్రైమ్ వీడియోలో విడుదలయ్యాక గానీ దాని బరువు తెలిసిరాలేదు.

అప్పటిదాకా పరిశ్రమ దగ్గర ఉన్న పదునైన ఆయుధం వాటర్‌మార్క్. థియేటర్‌లో డిజిటల్ ప్రొజెక్టర్ మీద ఆడే ప్రతి ఆటలోనూ కంటికి కనబడని గుర్తు ఒకటి బొమ్మలో కలిసి ఉంటుంది. సెల్‌ఫోన్‌తో తీసిన మసక కాపీ దొరికితే, ఫిలిం చాంబర్‌లోని యాంటీ వీడియో పైరసీ సెల్ దాన్ని ప్రొజెక్షన్ సంస్థకు పంపుతుంది. ఏ ఊళ్లో, ఏ థియేటర్లో, ఏ తేదీన, ఏ ఆటలో తీశారో అక్కడినుంచి జవాబు వస్తుంది. ఆపైన సీసీ కెమెరాలు, టికెట్ బుకింగులు చూసి మనిషిని పట్టుకోవడం పోలీసుల పని. చొక్కా జేబులో ఫోన్ పెట్టుకుని, తెర ఆరిపోయినట్టు కనబడుతూనే రికార్డు చేసే యాప్‌లు వాడినవారు కూడా 2025లో హైదరాబాద్ పోలీసులకు చిక్కారు.

కాపీ ఓటీటీ నుంచి బయటికి వచ్చినప్పుడు ఈ దారంతా మూసుకుపోతుంది. అక్కడ థియేటరూ లేదు, ఆటా లేదు, సీటు నంబరూ లేదు. పైగా అది దగ్గులు, ఈలలు వినిపించే కెమెరా ప్రింట్ కాదు. డబ్బు కట్టి చూసేవాడికి వచ్చే బొమ్మే. ఐబొమ్మ పేరు మోగింది ఈ సరుకుతోనే. చవక ఫోన్‌లో కూడా చప్పున తెరుచుకునే పేజీ, వరుసగా తెలుగు పోస్టర్లు, పోస్టర్ నొక్కితే సినిమా. మొబైల్ డేటా పొదుపుగా వాడుకునే మనిషికి ఏం కావాలో ఎరిగినవాడు కట్టిన దుకాణం అది. ఆ పేజీల వెనుక బెట్టింగ్ యాప్‌ల ప్రచారం ఉందని, ఆదాయం అక్కడినుంచే వచ్చిందని పోలీసులు అంటున్నారు. ఉచితమని మెచ్చుకునేవారు ఈ ఒక్క మాట దగ్గర మౌనం పాటిస్తున్నారు.

ఆ మధ్య సైటు మీదే నిర్మాతలకు ఒక హెచ్చరిక వెలసింది. కెమెరా ప్రింట్లు పెట్టేవారిని వదిలి తమ జోలికి రావడమేమిటని, హీరోల పారితోషికాల భారం చివరకు మధ్యతరగతి ప్రేక్షకుడి మీదే పడుతోందని, తమపై దృష్టి పెడితే తామూ పెట్టవలసిన చోట పెడతామని అందులో బెదిరించారు. బెదిరింపును పక్కనబెడితే మిగతా మాటలు జనంలో నాటుకున్నాయి. 2024 డిసెంబరు 4 రాత్రి ‘పుష్ప 2’ ప్రీమియర్‌కు టికెట్ మీద 800 రూపాయలు అదనంగా తీసుకోవడానికి తెలంగాణ ప్రభుత్వం అనుమతించింది. నలుగురున్న ఇంటికి ఆ అదనమే 3,200 రూపాయలు.

నిర్మాతల వాదన క్లుప్తమైనది: ధర ఎక్కువైతే చూడటం మానుకోవచ్చు గానీ దొంగిలించే హక్కు రాదు. కాదనలేని మాటే. అయితే ఈ గొడవలో మైకు దొరకని మూడో పక్షం చిన్న ఊళ్ల థియేటర్ యజమానులది. 2022 ఆగస్టు 1 నుంచి నిర్మాతల గిల్డ్ షూటింగులు ఆపినప్పుడు తేలిన ముఖ్యమైన నిర్ణయం, పెద్ద సినిమా ఎనిమిది వారాల తర్వాతే ఓటీటీకి వెళ్లాలన్నది. ఆ గీతను దాటింది పైరసీ సైట్లు కాదు. ఆ తర్వాత ఎన్నో సినిమాలు నాలుగు వారాలకే ఓటీటీలో కనబడ్డాయి. అంటే మంచి ప్రింట్ దొంగచేతికి చిక్కే రోజు కూడా అంతే ముందుకు జరిగింది. మొదటి వారం పెద్ద నగరాల్లో హెచ్చు ధరకు ఆడి, మూడో వారానికి ధర దిగి, అప్పుడు కుటుంబాలు వచ్చే పట్టణాల్లో ఆ మూడో వారమే లేకుండా పోయింది. 2025 మేలో ఎగ్జిబిటర్లు అద్దెకు బదులు వసూళ్లలో శాతం ఇవ్వాలని, లేకుంటే జూన్ 1 నుంచి థియేటర్లు మూసేస్తామని హెచ్చరించడానికి ఈ నష్టం కూడా ఒక కారణం. నవంబరు 17 నాటి సమావేశంలో ఈ సంగతికి చోటు దొరకలేదు.

ఇక ముందున్నది కోర్టు ఘట్టం. కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద నేరానికి ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, గరిష్ఠంగా 2 లక్షల జరిమానా పడవచ్చు. ఈ నేరంలో బెయిలు హక్కుగా రాదని 2022 మేలో సుప్రీంకోర్టు తేల్చింది. 20 కోట్ల సంపాదన ఆరోపణ పక్కన 2 లక్షల జరిమానా చిన్నబోతుంది గనుక, నిర్మాతల ఆశలన్నీ 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం మీదే ఉన్నాయి. అందులో కనీస జరిమానా 3 లక్షలు. గరిష్ఠం సినిమా మొత్తం నిర్మాణ వ్యయంలో 5 శాతం. వంద కోట్ల సినిమాకు అది 5 కోట్లవుతుంది. అయితే చట్టం ఆ వ్యయానికి ముందు ‘ఆడిట్ అయిన’ అనే మాట చేర్చింది. ఆ 5 శాతం కావాలనుకునే నిర్మాత, పోస్టర్ మీద వేసిన అంకెను కాకుండా, హీరో పారితోషికంతో సహా లెక్కగట్టి ఆడిటర్ సంతకం చేసిన ఖర్చు పట్టికను నాంపల్లి కోర్టులో దాఖలు చేయవలసి ఉంటుంది.