థెరపీ పిల్లాడికే కాదు, ఇంటిల్లిపాదికీ

స్పీచ్ థెరపిస్టు రెండు సబ్బుబుడగలు ఊది, సీసా మూత గట్టిగా బిగించి, మా వాడి ముందు పెట్టి ఊరుకుంది. వాడికి అప్పటికి రెండేళ్ళ నాలుగు నెలలు. సీసా తీసుకున్నాడు, మూత తిప్పబోయాడు, రాలేదు. తెచ్చి ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ అందుకుని, కనుబొమలు పైకెత్తి, వాడి మొహంలోకి చూస్తూ అలాగే ఉండిపోయింది. నేను పక్కన కూర్చుని లోపల లెక్కపెడుతున్నాను. ఆరు దాకా వచ్చేసరికి ఉండబట్టలేక "తియ్యి అను నాన్నా, అంటే తీస్తుంది" అనేశాను. ఆవిడ నా వైపు తిరక్కుండానే చెయ్యెత్తి ఆగమంది. వాడు ఓసారి సీసా వంకా, ఓసారి ఆవిడ వంకా చూసి "తీ" అన్నాడు. మరుక్షణం మూత వచ్చేసింది. గది నిండా బుడగలే.

సెషను అయ్యాక ఆవిడ చెప్పింది: "ఇంటికెళ్ళాక ఇదే పని మీరు అన్నం దగ్గర, స్నానం దగ్గర చెయ్యాలండీ. వారానికి గంటన్నర నా దగ్గరుంటాడు. మిగతా టైమంతా మీ దగ్గరే కదా." ఇంటికి వచ్చాక లెక్కేశాను. పసివాడు రోజుకి పన్నెండు గంటలు మేలుకుని ఉంటాడనుకున్నా వారానికి ఎనభై నాలుగు గంటలు. అందులో థెరపీ గదిలో గడిచేది గంటన్నర. ఫీజు కట్టి దింపి వచ్చేస్తే మాటలు నేర్పి పంపిస్తారని అంతవరకూ నేను అనుకున్నదంతా పొరపాటని అర్థమైంది.

నిజానికి మేం అక్కడికి వెళ్ళడమే పది నెలలు ఆలస్యంగా వెళ్ళాం. ఏడాదిన్నరకి వాడికి "అమ్మ", "తాత" తప్ప మాటల్లేవని నాకు తెలుసు. ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్కో ధైర్యం చెప్పారు. మగపిల్లలకి మాటలు లేటేనని మా ఆడపడుచు. వాడి నాన్నకి మూడేళ్ళు నిండాకే వచ్చాయని మా అత్తగారు. ఆవిడే మాటలొస్తాయని వసకొమ్ము అరగదీసి, తేనెలో రంగరించి వాడి నాలుక మీద రాశారు. ప్రేమతో చేసిన పనే, కాదనను. కానీ ఏడాది లోపు పిల్లలకి తేనె చుక్క కూడా పెట్టకూడదు. తేనెలో ఉండే అవకాశమున్న ఒక బాక్టీరియా పసివాళ్ళ పేగుల్లో పెరిగి, కండరాలు చచ్చుబడేలా చేసే విషాన్ని వదులుతుంది. ఇక వస సంగతి: వస నూనె ఎలుకల్లో క్యాన్సర్ కణుతులు కలిగిస్తుందని తేలడంతో, అమెరికాలో ఆహార పదార్థాల్లో వస వాడకాన్ని 1968లోనే నిషేధించారు. గలగలా మాట్లాడే పిల్లని వసపిట్ట అనడం ముచ్చటైన మాటే. ఆ ముచ్చట మాట వరకే ఉంచుకుందాం.

రెండేళ్ళ పిల్లల్లో సుమారు నూటికి పది, పదిహేను మంది మాటల్లో వెనకబడి ఉంటారు. వాళ్ళలో సగానికి పైగా ఆ తర్వాత రెండు మూడేళ్ళలో తోటివాళ్ళని అందుకుంటారు. "వాడే మాట్లాడతాడులే" అన్న మాట ఇన్ని ఇళ్ళలో నిలబడిపోయింది అందుకే. చిక్కల్లా ఎక్కడంటే, ఎవరు అందుకుంటారో, ఎవరు అందుకోరో రెండేళ్ళప్పుడు ముందుగా ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. వెళ్ళి చూపించుకుంటే, ఏమీ లేదంటే, ఒక పూట పోతుంది. వెళ్ళకుండా కూర్చుంటే, ఏదో ఉంటే, మెదడు మాటల కోసం అన్నిటికన్నా చురుగ్గా ఉండే రోజులు పోతాయి.

మరి ఎప్పుడు కదలాలి? ఏడాది నిండినా "బబబ", "దదద" అంటూ ముద్దుపలుకులు లేకపోయినా, టాటా చెప్పడం, వేలితో చూపించడం లాంటివి చెయ్యకపోయినా, పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా. పదహారు నెలలకి ఒక్క మాటా లేకపోయినా. రెండేళ్ళకి "అమ్మ దా", "పాలు కావాలి" లాంటి రెండు మాటల జోడింపు, అదీ విన్నది అప్పజెప్పినట్టు కాక సొంతంగా, రాకపోయినా. వీటన్నిటికంటే తొందరపడాల్సింది ఇంకొకటుంది: వచ్చిన మాటలు పోవడం. నిన్నటిదాకా "అత్త", "బువ్వ" అన్న పిల్ల ఇవాళ అనడం మానేస్తే, ఏ వయసైనా సరే, ఆ వారమే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

వెళ్ళాక ముందు చూడాల్సింది నాలుక కాదు, చెవి. ఈ విషయంలో మేమూ తప్పు చేశాం. వాడి వెనక నిలబడి స్టీలు పళ్ళెం కింద పడేశాం. ఉలిక్కిపడ్డాడు. "వినిపిస్తోంది కదా" అని ఊపిరి పీల్చుకున్నాం. పళ్ళెం చప్పుడు వినిపించినంత మాత్రాన మాట వినిపిస్తున్నట్టు కాదు. స, శ, ఫ లాంటి సన్నని ధ్వనులు చాలా తక్కువ చప్పుడుతో ఉంటాయి. వాటిని పట్టలేని చెవి కూడా పళ్ళెం మోతకి ఉలిక్కిపడుతుంది. మాటిమాటికీ జలుబు చేసే పిల్లల్లో కర్ణభేరి వెనక నీరు చేరి, నీళ్ళలో మునిగి విన్నట్టు మాటలు మసకబారి వినిపిస్తుంటాయి. వినికిడి ఎలా ఉందో తేల్చడానికి ఓఏఈ, బెరా అనే చెవి పరీక్షలున్నాయి. పిల్ల నిద్రపోతుండగానే చేసేస్తారు, నొప్పి ఉండదు. పుట్టిన నెలలోపు స్క్రీనింగ్, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలు: చాలా దేశాల్లో నిపుణులు చెప్పే లెక్క ఇది. పుట్టుకతో తీవ్రమైన వినికిడి లోపం ఉన్న పిల్లలకి లోపలి చెవిలో పరికరం అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ తెలంగాణలో ఆరోగ్యశ్రీలో, ఆంధ్రాలో ఎన్టీఆర్ వైద్య సేవలో ఉంది. కాకపోతే ఆపరేషన్ తర్వాత నెలల తరబడి మాట నేర్పితేనే అది పనికొస్తుంది.

చెవి బాగుందని తేలాక, మాట అసలు లోపలికి ఎలా వెళ్తుందో నేను చదవడం మొదలుపెట్టాను. అందులో మన అక్షరాలే కనిపించి ఆశ్చర్యపోయాను. 1984లో జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కెనడాలో ఇంగ్లీషు ఇళ్ళ పసిపిల్లలకి హిందీలోని త, ట ధ్వనులు వినిపించారు. ఇంగ్లీషులో ఆ తేడా లేదు. వాళ్ళ పెద్దవాళ్ళకి రెండూ ఒకేలా వినిపిస్తాయి. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు మాత్రం ఆ తేడాని చక్కగా పట్టుకున్నారు. పది పన్నెండు నెలలు వచ్చేసరికి ఆ శక్తి చాలామందిలో పోయింది. అంటే "అత్త"కీ "అట్ట"కీ తేడా మన పిల్లలు మొదటి మాట అనకముందే చెవిలో స్థిరపరచుకుంటారన్నమాట. మాట్లాడని ఏడాది ఖాళీగా గడిచే ఏడాది కాదు.

2003లో అమెరికాలోని సియాటిల్లో పట్రీషియా కుల్ అనే శాస్త్రవేత్త బృందం ఇంకో ప్రయోగం చేసింది. తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకి పన్నెండు విడతలుగా చైనా భాష మాండరిన్ వినిపించారు. కొందరికి మనిషి ఎదురుగా కూర్చుని ఆడుతూ పాడుతూ చెప్పింది. ఇంకొందరికి అదే మనిషి అవే మాటలు వీడియోలో చెప్పింది. మనిషి ఎదురుగా ఉన్న పిల్లలు ఆ భాష ధ్వనుల తేడాలు నేర్చుకున్నారు. వీడియో చూసిన పిల్లలు ఏమీ నేర్చుకోలేదు. ఆ వయసు పిల్లలకి మాట నేర్పేది కేవలం శబ్దం కాదు. నా వంక చూసి, నేను చూసినదాన్నే చూసి, నేను ఊ అంటే ఊ అనే మనిషి కావాలి.

అన్నం తినాలంటే ఫోన్‌లో రైమ్స్ పెట్టాల్సిందే అన్న ఇల్లే మాదీ. పెట్టిన ప్రతి తల్లినీ తప్పుపట్టే మనసు నాకు లేదు. పొద్దున ఎనిమిదికి క్యాబ్ వస్తుందంటే ఆ టెన్షన్ ఏమిటో నాకు తెలుసు. కానీ టీవీ గురించి 2009లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం చదివాక మాత్రం మా ఇంట్లో టీవీ కట్టేశాం. పిల్లల చొక్కాలకి చిన్న రికార్డర్లు తగిలించి లెక్కిస్తే, టీవీ వినిపిస్తున్న ప్రతి గంటకీ పిల్లలు పెద్దవాళ్ళ నుంచి వినే మాటలు సగటున 770 తగ్గాయి. టీవీ పిల్లాడి కోసం పెట్టినది కానక్కర్లేదు. మనం సీరియల్ చూస్తున్నా అంతే, మన నోరు కూడా మూతపడుతుంది. రెండేళ్ళ లోపు అసలు స్క్రీనే వద్దని, ఆ తర్వాత ఐదేళ్ళ దాకా రోజుకి గంటకి మించొద్దని మన దేశ పిల్లల డాక్టర్ల సంఘం కూడా చెబుతోంది.

ఇక అందరూ అడిగే ప్రశ్న: ఏ భాషలో మాట్లాడాలి? మేం వేసిన ఒక ప్లేస్కూల్లో "ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడండి, రెండు భాషలతో బాబు కన్ఫ్యూజ్ అవుతున్నాడు" అన్నారు. నెలరోజులు అలాగే చేశాం. నేను వాడితో మాట్లాడడమే తగ్గిపోయింది. "కమ్, సిట్, ఈట్" దాటి నాకు మాట సాగేది కాదు. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యమవుతాయనడానికి ఆధారాలు లేవు. పిల్లాడికి కావాల్సింది అమ్మానాన్నలకి తడుముకోకుండా వచ్చే భాష, కోపం, ముద్దు, వేళాకోళం అన్నీ పలికే భాష. డల్లాస్‌లో ఉన్నా న్యూజెర్సీలో ఉన్నా అంతే. పురుటికని వెళ్ళి ఆర్నెల్లు ఉండే అమ్మమ్మ తెలుగులో చెప్పే కబుర్లకి మించినది ఏ యాప్‌లోనూ లేదు.

పైగా మన ఇళ్ళలో పసివాళ్ళ కోసమే ఒక భాష ఉంది. బువ్వ, లాల, బజ్జో, జేజ, చిచ్చి, బూచి. పసినోటికి ముందుగా పలికే బ లాంటి ధ్వనులు వీటిలో ఉన్నాయి. చాలావరకు రెండక్షరాల మాటలే. అర్థం కళ్ళముందే ఉంటుంది. బువ్వ అన్నప్పుడు కంచం ఉంటుంది, లాల అన్నప్పుడు చెంబు ఉంటుంది. మొహానికి కొంగు అడ్డంపెట్టుకుని ఆడే దోబూచులాటలో నీ వంతు, నా వంతు అన్న సంభాషణ పద్ధతంతా ఉంది. ఇవి మొరటు మాటలని సిగ్గుపడి "రైస్", "బాత్" అనిపించే ఇళ్ళని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

థెరపిస్టు మాకు ఇంట్లో చెయ్యమన్నవి చాలా చిన్నవి. "ఇదేంటి? అదేంటి? చెప్పు, చెప్పు" అని పరీక్ష పెట్టడం మానేయమంది. వాడు ఏం చేస్తుంటే దాన్నే మాటల్లో చెప్పాలి: "నీళ్ళు పోశావు. అయ్యో, ఒలికాయి." వాడు "బస్సు" అంటే మనం ఒక్క మాట కలిపి "ఎర్ర బస్సు" అనాలి. "బత్తు" అంటే "తప్పు, బస్సు అను" అనకుండా, మన నోటితో "ఔను, బస్సే" అని సరిగ్గా వినిపించి వదిలెయ్యాలి. అన్నిటికంటే కష్టమైనది ఆగడం. వాడు అడగకముందే అన్నీ అందించే ఇంట్లో వాడికి మాట అవసరం ఎక్కడ? ఐదారు క్షణాలు ఎదురుచూడాలి. అప్పటికీ అనకపోతే మనమే "తీ" అని తీసిచ్చెయ్యాలి. ఏడిపించి అనిపించడం థెరపీ కాదు, ఈ మాట ఆవిడ రెండుసార్లు నొక్కి చెప్పింది. ఇలా తల్లిదండ్రులే ఇంట్లో చేసే పద్ధతుల మీద వచ్చిన 18 అధ్యయనాలని మేగన్ రాబర్ట్స్, ఆన్ కైజర్ అనే పరిశోధకులు 2011లో కలిపి చూస్తే, పిల్లల భాషలో మంచి మెరుగు కనిపించింది.

బుడగలు ఊదించింది కదా, అది పెదాలకి వ్యాయామమా అని నేనూ అడిగాను. కాదట, ఆశ పెట్టడానికట. బెలూన్లు ఊదిస్తే, ఈలలు వేయిస్తే, నాలుక అటూ ఇటూ తిప్పిస్తే మాటలొస్తాయనడానికి సరైన ఆధారాల్లేవు. సెషనంతా అవే చేయిస్తుంటే ఎందుకని అడగండి. నాలుక కింద పొర కోయిస్తే మాటలొస్తాయన్నదీ ఇలాంటిదే. ఆ పొర బిగువుగా ఉంటే పాలు తాగడం కష్టం కావచ్చు, కొన్ని అక్షరాలు సరిగా పలక్కపోవచ్చు. కానీ మాటలే రాకపోవడానికి అది కారణం కాదు.

మూడేళ్ళ పిల్ల హఠాత్తుగా "నా... నా... నాకు" అంటుంటే కంగారుపడకండి. ఆ వయసులో కొందరికి నత్తి మొదలవుతుంది, ఎక్కువమందికి దానంతటదే పోతుంది. "నెమ్మదిగా చెప్పు" అనకుండా చివరిదాకా వినండి. ఆరు నెలలు దాటినా, ఇంట్లో ఎవరికైనా నత్తి ఉన్నా చూపించండి.

ఎక్కడ అంటారా? జిల్లా కేంద్రాల్లోని ప్రభుత్వాసుపత్రుల్లో డీఈఐసీ అనే సత్వర చికిత్స కేంద్రాలున్నాయి. 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే అనే పిల్లల ఆరోగ్య పథకం కింద అంగన్‌వాడీలకి వచ్చే వైద్య బృందం అక్కడికి పంపిస్తుంది. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో అలీ యావర్ జంగ్ వినికిడి సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ప్రైవేటుకి వెళ్తే థెరపిస్టుకి ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి, అడగడం మన హక్కు. "ఇన్ని నెలల్లో గ్యారంటీగా మాటలు" అనే ప్యాకేజీ కనిపిస్తే బయటికి వచ్చెయ్యండి. మిమ్మల్ని గదిలోకి రానివ్వని చోట కూడా నేనైతే ఉండను.

మొదటిసారి వెళ్ళేటప్పుడు పిల్లాడి మాటలన్నీ, వాడు అన్నట్టే, ఒక కాగితం మీద రాసి తీసుకెళ్ళండి. మా కాగితం మీద ఆరు ఉన్నాయి. అందులో "బౌ" రెండుసార్లు రాశాం, కుక్కకీ అదే, పిల్లికీ అదే కాబట్టి. ఆవిడ చదివి, నీళ్ళు కావాలంటే ఏం చేస్తాడని అడిగింది. గ్లాసు తెచ్చి నా చేతిలో పెట్టి మొహంలోకి చూస్తాడని చెప్పాను. పెన్ను తీసుకుని, మా ఆరు మాటల పైన, అన్నిటికంటే ముందు, అది రాసుకుంది.