హావర్త్ చర్చి స్మశానంలో చెట్లు ఎందుకు నాటారంటే

హావర్త్ వెళ్లినవాళ్లలో చాలామంది ఒక ఫొటో తప్పకుండా తీసుకుంటారు: ఎత్తైన చెట్లు, వాటి కింద ఒకదాన్నొకటి ఆనుకుని నల్లబడ్డ సమాధి రాళ్లు, వెనక ఇంగ్లిష్ నవలలు రాసిన బ్రాంటీ అక్కచెల్లెళ్లు పెరిగిన ఇల్లు. ఆ చెట్లు అందం కోసం పెట్టినవి కావు. 1864లో నాటారు, పాతిపెట్టిన శవాలు మట్టిలో త్వరగా కలిసిపోవాలని.

ఇంగ్లండ్‌లో వెస్ట్ యార్క్‌షైర్ కొండల మీది ఊరు ఇది. దగ్గర్లోని కీత్లీ పట్టణంలో ఆవిరి రైలెక్కి వెళ్లొచ్చు, 1968 నుంచి ఆ లైనును ఎక్కువగా వాలంటీర్లే నడుపుతున్నారు. రాళ్లు పరిచిన మెయిన్ స్ట్రీట్ నిటారుగా పైకెక్కుతుంది, పైన చర్చి, స్మశానం, ఆ తర్వాత ఇక మూర్‌ల్యాండే, అంటే చెట్టూ చేమా పెద్దగా లేకుండా హెదర్ పొదలు, నీళ్లు పట్టి మెత్తగా ఉండే పీట్ నేల, ఎప్పుడూ గాలి. వానకు కొదవలేని చోటు. అలాంటి ఊళ్లో తాగడానికి మంచినీళ్లు లేకపోవడమే అసలు కథ.

ఆ అక్కచెల్లెళ్ల తండ్రి పాట్రిక్ బ్రాంటీ ఆరుగురు పిల్లలతో 1820లో ఇక్కడికి పాదిరీగా వచ్చాడు. మరుసటి ఏడాదే భార్య పోయింది, 1825లో పెద్ద కూతుళ్లిద్దరూ పోయారు. అప్పటికి ఊళ్లో చాలా ఇళ్లలో ఉన్ని దువ్వే పని, దానికి రాత్రీ పగలూ పొయ్యి మండుతుండాలి, కిటికీలు మూసే ఉంచాలి. మురుగు కాలువలు లేవు, ఇళ్ల పక్కనే పెంటకుప్పలు. 1848, 1849లలో కొడుకు బ్రాన్‌వెల్, కూతుళ్లు ఎమిలీ, ఆన్ ఒకరి వెనక ఒకరు పోయారు. ఎమిలీ, ఆన్‌లది క్షయ, కాబట్టి అన్నిటికీ నీళ్లే కారణం అనడం సరికాదు. కానీ ఆ 1849లోనే, కడుపుకోతలో ఉండి కూడా, పాట్రిక్ ఊరివాళ్ల సంతకాలతో ఊళ్లో నీళ్లు, మురుగు సంగతి చూడమని లండన్‌లోని ఆరోగ్య బోర్డుకు అర్జీ పంపించాడు. నాకు హావర్త్ అంటే ముందు గుర్తొచ్చేది ఆ అర్జీయే.

1850లో బోర్డు తరఫున తనిఖీకి వచ్చింది బెంజమిన్ హెర్షెల్ బాబేజ్, కంప్యూటర్ ఊహకు ఆద్యుడని మనం చదువుకున్న ఛార్లెస్ బాబేజ్ కొడుకు. ఆయన రిపోర్టులో అంకెలు చదువుతుంటే గుండె బరువెక్కుతుంది. చనిపోయేవారి సగటు వయసు 25.8 ఏళ్లు. పుట్టిన పిల్లల్లో 41.6 శాతం ఆరేళ్లు నిండకుండానే పోయేవారు. మొత్తం ఊరికి 69 మరుగుదొడ్లు. వేసవిలో ఒక బావి దగ్గర సోమవారం బట్టలుతకడానికి పేదవాళ్లు తెల్లవారుజామున రెండింటికే నీళ్ల కోసం వెళ్లేవారట, ఒక్కోసారి ఆ నీళ్లు పచ్చబడి కంపుకొడితే పశువులు కూడా ముట్టేవి కావట. పదేళ్లలో 1,344 మందిని పాతిపెట్టిన స్మశానం ఊరికి ఎగువన ఉంది, ఇళ్లేమో దిగువన. పైగా సమాధుల మీద అడ్డంగా పరిచిన పెద్ద పలకల వల్ల గాలి ఆడదు, మొక్క మొలవదు, కింద శరీరం కుళ్లి మట్టవడానికి చాలా కాలం పడుతుంది. స్మశానాన్ని మూసేయమన్నాడు, కొత్త నీళ్ల ఏర్పాటు, మురుగు కాలువలు కావాలన్నాడు.

పన్ను పడుతుందని ఆస్తిపరులు అడ్డుపడ్డారు. ఏళ్లు గడిచాయి. 1855లో పాట్రిక్‌కు మిగిలిన ఒక్క కూతురు షార్లెట్ కూడా వెళ్లిపోయింది. ఊరికి చిన్న రిజర్వాయర్ వచ్చింది 1850ల చివర్లో. పాట్రిక్ ఆరుగురు పిల్లల్నీ పోగొట్టుకుని 84 ఏళ్లు బతికి, 1861లో కన్నుమూశాడు. స్మశానంలో ఆ చెట్లు నాటింది ఇంకో మూడేళ్లకు.

1928 నుంచి ఆ ఇల్లు మ్యూజియం. లీడ్స్, మాంచెస్టర్ వైపు ఉండి వీకెండ్‌కి వెళ్లేవాళ్లు ఇంట్లోకి వెళ్లే ముందు స్మశానం పైఅంచున ఒక్క నిమిషం ఆగండి. కాళ్ల దగ్గర ఆ పలకలు ఇంకా అలాగే ఉన్నాయి, నేల అక్కడి నుంచి నేరుగా మెయిన్ స్ట్రీట్ వైపే వాలుతుంది.