కనబడని మెరుపులు చెప్పే కబురు

కృష్ణబిలం పుట్టాలంటే ముందు ఒక నక్షత్రం చావాలన్నది మనకు అలవాటైన కథ. అయితే నక్షత్రాలే లేని కాలంలో, మహావిస్ఫోటం తరువాతి తొలి క్షణాల్లో, మిగతా చోట్ల కంటే బాగా చిక్కబడిన ప్రాంతాలు తమ గురుత్వానికి తామే కుప్పకూలి కృష్ణబిలాలై ఉండవచ్చన్న ఆలోచనను 1960లలో సోవియట్ శాస్త్రవేత్తలు జెల్డోవిచ్, నోవికోవ్, 1971లో స్టీఫెన్ హాకింగ్ ముందుకు తెచ్చారు. ఇటువంటి బిలం బరువు అది పుట్టిన వేళను బట్టి ఉంటుంది. విశ్వం వయసు ఒక సెకను ఉన్నప్పుడు పుట్టినది సుమారు లక్ష సూర్యులంత బరువు తూగుతుంది. ఒకటి పక్కన 23 సున్నాలు పెట్టి, ఆ సంఖ్యతో సెకనును భాగించగా వచ్చే సమయానికి పుట్టినదైతే సుమారు వంద కోట్ల టన్నులే.

ఈ తేలికదనమే వాటికి చేటు. కృష్ణబిలాలు వికిరణాన్ని వెలువరిస్తూ కరిగిపోతాయని, ఎంత చిన్నదైతే అంత వేడిగా ఉంటుందని 1974లో హాకింగ్ చూపించారు. సూర్యుడంత బిలం తన చుట్టూ ఉన్న 2.7 కెల్విన్ల అంతరిక్షం కంటే ఎంతో చల్లన కనుక ఇప్పట్లో కరగదు. ప్రోటాను పరిమాణంలో 50 కోట్ల టన్నులు ఇమిడిన బిలం మాత్రం 10,000 కోట్ల డిగ్రీలకు పైబడిన వేడితో, సరిగ్గా మన కాలానికి ఆయువు తీరి పేలిపోవాలి. ఆఖరి 0.1 సెకనులో వెలువడే శక్తి ఒక్కోటి ఒక మెగాటన్ను శక్తి గల పది లక్షల హైడ్రోజన్ బాంబులకు సమానమని హాకింగ్ లెక్క. ఖగోళంలో ఇది చిన్న టపాకాయ కిందే జమ.

అటువంటి పేలుడు ఇంతవరకు ఎవరికీ చిక్కలేదు. ఇటువంటి బిలాలు కరుగుతూ గామా కిరణాలను వెదజల్లాలి. ఆకాశమంతటా పరుచుకున్న గామా కిరణాల మసక వెలుగును కొలిచి చూస్తే, కృష్ణపదార్థంలో, అంటే కంటికి కనబడక గురుత్వంతోనే ఉనికి తెలిసే పదార్థంలో, ఈ బరువు బిలాల వాటా కోటో వంతుకు మించదని తేలింది.

నా దృష్టిలో అసలు విశేషం ఈ లేమిలోనే ఉంది. విశ్వమంతటా నిండిన సూక్ష్మతరంగ నేపథ్య వికిరణం, అంటే తొలినాళ్ల నుంచి మిగిలిన వెలుగు, ఆదిలోని సాంద్రత హెచ్చుతగ్గులు లక్షలో ఒక వంతేనని చెబుతుంది గానీ, అది గెలాక్సీలను మించిన పెద్ద కొలతల మాట. అంతకంటే ఎన్నో రెట్లు చిన్న కొలతల్లో ఏం జరిగిందో దానికి తెలియదు. బిలం ఏర్పడాలంటే ఒక చోటి సాంద్రత సగటు కంటే దాదాపు సగం వంతు ఎక్కువ కావాలి. ఆ బిలాలు కనబడలేదంటే చిన్న కొలతల్లోని హెచ్చుతగ్గులు కూడా ఒక హద్దు దాటలేదన్నమాట. ఇంకా తేలికై, ఏనాడో ఆవిరైపోయిన బిలాల మాటేమిటంటే, వాటి కణాలు తొలి పరమాణు కేంద్రకాలను బద్దలుకొట్టి డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్), హీలియం పాళ్లను మార్చి ఉండేవి. ఇప్పుడు కొలిచే పాళ్లలో అంతటి మార్పు లేదు.

వెయ్యి టన్నుల లోపు బిలాలకు మాత్రం ఈ సాక్ష్యం వర్తించదు, ఎందుకంటే కేంద్రకాలు కూడకముందే, తొలి సెకను నిండకుండానే అవి మాయమై ఉంటాయి. వాటి జాడ మిగిలి ఉంటే స్థలకాలంలో సాగే అలలైన గురుత్వ తరంగాల్లో వెతకాలి.