కుక్కపిల్ల ఇంటికొచ్చాక: సంగటి, కాల్షియం, టీకాలు - అపోహలు, వాస్తవాలు

అపోహ: నెల పిల్లను తెచ్చుకుంటేనే బాగా మాలిమి అవుతుంది.

ఈ మాట అమ్మేవాళ్లకు లాభం, పిల్లకు నష్టం. అయిదో వారం నుంచి ఎనిమిదో వారం దాకా అది తోడబుట్టిన పిల్లలతో ఆడుతూ ఎంత గట్టిగా కరవచ్చో నేర్చుకుంటుంది. గట్టిగా పట్టుకుంటే రెండోది కీచుమని అరిచి ఆట మానేస్తుంది, అదే దానికి బడి. ఆ వారాలు కోల్పోయిన కుక్కపిల్ల పెద్దయ్యాక ఇంట్లో పిల్లల చేతులు కొరికేస్తోందని జనం వాపోతుంటారు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మడం 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకాల నిబంధనల ప్రకారం తప్పు కూడా.

అపోహ: ఒక టీకా వేయించి ఇచ్చారు, ఇక పార్వో భయం లేదు.

పార్వో అంటే పేగులను దెబ్బతీసే వైరస్ జబ్బు. కుక్కపిల్లలను ఎక్కువగా పోగొట్టేది ఈ నమ్మకమే. తల్లి ముర్రుపాలతో వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో ఉన్నన్నాళ్లు, వేసిన టీకాను కూడా అదే అడ్డుకుంటుంది. ఆ రక్షణ ఒక పిల్లకు ఏడో వారానికి తగ్గితే ఇంకో పిల్లకు పద్నాలుగో వారం దాకా ఉంటుంది. ఏ పిల్లకు ఎప్పుడన్నది పైకి తెలియదు. అందుకే 6-8 వారాలకు మొదలుపెట్టి, 3-4 వారాల ఎడంతో, 16 వారాలు నిండేదాకా వేస్తూ పోతారు. ఆఖరి డోసు ఎగ్గొడితే ముందు వేసినవన్నీ వృథా కావచ్చు. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక.

మందుల షాపులో టీకా కొని, చొక్కా జేబులో వేసుకుని మే నెల ఎండలో బండి మీద తేవడం ఇంకో దారుణం. అది 2-8 డిగ్రీల చల్లదనంలోనే ఉండాలి. ఐసు పెట్టె లేకుండా కొనకండి. సీసా మీది స్టిక్కరు టీకాల పుస్తకంలో అంటించమని అడగండి.

ఇంతకుముందు పార్వోతో పిల్ల పోయిన ఇల్లయితే ఫినాయిల్‌తో కడిగి ఊరుకోవద్దు, దానికి ఆ వైరస్ చావదు. మట్టిలో నెలల తరబడి ఉంటుంది. నేలను ముందు సబ్బుతో శుభ్రంగా కడిగి, తర్వాత ఒక వంతు బ్లీచు ద్రావణానికి ముప్పై వంతుల నీళ్లు కలిపి పోసి, పది నిమిషాలు తడిగా ఉంచాలి. మురికి మీదే పోస్తే బ్లీచు పనిచేయదు. పెరటి మట్టిని అలా కడగలేం కాబట్టి ఆ ఇంటికి టీకాలన్నీ పూర్తయిన పిల్లనే తెచ్చుకోవాలి.

వాంతులు, కంపు కొట్టే నెత్తుటి విరేచనాలు, మూలకు ముడుచుకోవడం కనిపిస్తే గ్లూకోజు నీళ్లు తాగిస్తూ రేపటిదాకా ఆగకండి. నోటితో పోసింది నిలవదు, సెలైన్ ఎక్కించాలి. తిరుపతిలో పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. మిగతా చోట్ల దగ్గర్లోని పశువుల ఆసుపత్రికి అదే పూట తీసుకెళ్లండి.

అపోహ: టీకాలయ్యేదాకా గడప దాటించకూడదు.

నేల మీద దించకూడదు, అంతే. లోకాన్ని చూసి జడవకుండా ఉండటం నేర్చుకునే వయసు సుమారు 14 వారాలతో అయిపోతుంది. చంకన వేసుకుని బస్టాండు పక్కన, బడి వదిలే వేళ రోడ్డు మీద తిప్పండి. గంగమ్మ జాతర డప్పులను మొదట నాలుగు వీధుల అవతల నుంచి విననివ్వండి. వణికితే ఇంకా దూరం జరగండి.

అపోహ: రాగి సంగటి పెడితే ఎముకలకు కాల్షియం సరిపోతుంది.

మన జిల్లాల్లో ఈ మాట వినని ఇల్లు లేదు. రాగులు మనుషులకు మంచి తిండే, కాదనం. కానీ లెక్క చూడండి. 100 గ్రాముల రాగుల్లో కాల్షియం సుమారు 350 మిల్లీగ్రాములు. తేమ తీసేసి లెక్కిస్తే, పెరిగే కుక్కపిల్ల తిండిలో 100 గ్రాములకు 1,000-1,200 మిల్లీగ్రాములు ఉండాలి. పైగా రాగుల్లో ఉండే ఫైటేట్లు అనే పదార్థాలు ఆ ఉన్న కాల్షియాన్నీ పూర్తిగా ఒంటికి పట్టనివ్వవు. మాంసకృత్తులు రాగుల్లో 7 శాతం, పిల్లకు 22 శాతం పైనే కావాలి. పెరుగన్నం సంగతీ ఇంతే. వట్టి చికెన్ పెట్టడమూ తప్పే. మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం బహు తక్కువ, దాంతో ఒళ్లు ఎముకల్లోంచే కాల్షియం లాక్కుంటుంది.

"వీధి కుక్కలు ఎంగిలి మెతుకులు తిని బతకడం లేదా?" అంటారు. బతికినవే మనకు కనిపిస్తాయి.

అన్నమో సంగటో గిన్నెలో సగానికి మించకుండా, మిగతాది ఉడికించిన గుడ్డు, ఎముక తీసిన మాంసం పెట్టండి. కాల్షియం ఎంత కలపాలో బరువు తూచి డాక్టరు చెప్పాలి. మూడు నెలల దాకా రోజుకు నాలుగు పూటలు, ఆరు నెలల దాకా మూడు, తర్వాత రెండు. తిండి మార్చేటప్పుడు వారం రోజులు పాతదాంట్లో కొత్తది కలుపుతూ మార్చాలి, లేకుంటే విరేచనాలు. మామిడి కాలంలో టెంకలు అందనివ్వకండి, మింగితే పేగుకు అడ్డం పడి ఆపరేషన్ దాకా పోతుంది.

అపోహ: పెద్ద జాతి పిల్లకు కాల్షియం టానిక్ తప్పనిసరి.

కుక్కపిల్లల కోసం తయారైన దాణా తింటుంటే వద్దే వద్దు. ఎక్కువైన కాల్షియాన్ని వదిలేసే శక్తి ఆరు నెలల లోపు పిల్ల పేగుకు సరిగా ఉండదు. లాబ్రడార్, రాట్‌వీలర్, షెపర్డ్ పిల్లల్లో ఎముకలు వంకర పోతాయి. వంకర చూసి ఇంకో సీసా తెస్తారు! కాళ్లు జారి పక్కలకు విడిపోతుంటే ముందు గ్రానైటు నేల మీద గోనెసంచులో పీచు పట్టాలో పరిచి చూడండి. షెపర్డ్ చెవులు నిలబడటానికీ టానిక్‌కూ సంబంధం లేదు.

అపోహ: తీపి తింటే కడుపులో పురుగులు పడతాయి.

ఏలికపాములు పిల్లకు తల్లి గర్భంలోనే, ఆ తర్వాత పాల ద్వారా వస్తాయి. రెండు వారాల వయసు నుంచి రెండు వారాలకోసారి ఎనిమిదో వారం దాకా, ఆపైన ఆరు నెలల వరకు నెలకోసారి బరువును బట్టి మందు వేయాలి. పెంట ఏ రోజుది ఆ రోజే ఎత్తేయండి. అందులోని ఏలికపాము గుడ్లు ఇతరులకు అంటుకునే స్థితికి రావడానికి ఒకటి నుంచి నాలుగు వారాలు పడుతుంది, ఆ లోపు తీసేస్తే పెరట్లో ఆడే మన పిల్లలకూ వాటి భయం తగ్గుతుంది.

అపోహ: పిడుదులకు కిరోసిన్ పూస్తే చాలు.

చర్మం కాలుతుంది, నాకితే విషం. పిడుదు తన కాలంలో ఎక్కువ భాగం కుక్క మీద కాదు, గోడ పగుళ్లలో, మంచం కోళ్ల సందుల్లో గడుపుతుంది. ఇంటికి మందు కొట్టకుండా కుక్కకు మాత్రమే కొడితే వారానికి మళ్లీ ప్రత్యక్షం. జ్వరం, పాలిపోయిన చిగుళ్లు, ముక్కు నుంచి రక్తం కనిపిస్తే రక్త పరీక్ష చేయించాలి. పిడుదులు తెచ్చే ఎర్లికియా జ్వరం కావచ్చు.

అపోహ: ఇంట్లో తడిపితే ముక్కు దాంట్లో రుద్దాలి.

రుద్దితే మంచం కింద దాక్కుని పోస్తుంది, అంతకు మించి ఏమీ నేర్చుకోదు. మూడు నెలల పిల్ల ఆపుకోగలిగేది మూడు నాలుగు గంటలు. నిద్ర లేవగానే, తిన్న పది పదిహేను నిమిషాలకు, ఆట అయ్యాక ఒకే చోటుకు తీసుకెళ్లి, అక్కడే చిన్న ముక్క బహుమతి ఇవ్వండి.

అపోహ: చిన్న కుక్కపిల్ల కొరికితే రేబిస్ రాదు.

వస్తుంది. పిల్లకు సోకి ఉంటే దాని చిన్న పంటి గాటూ చాలు. కారం, పసుపు, సున్నం పెట్టకుండా కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో టీకా 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. రక్తం వచ్చిన గాయమైతే దాంతోపాటు ఇమ్యునోగ్లోబులిన్ కూడా. కుక్కను పది రోజులు గమనించమన్నారంటే టీకా ఆపి చూడమని కాదు. మొదటి డోసు ఆ రోజే పడాలి, పది రోజులకు కుక్క ఆరోగ్యంగా ఉంటే మిగతా డోసుల సంగతి డాక్టరు తేలుస్తారు.